కొత్తదానికి పంపని నాలుగు వాక్యాలు

సవతి అంటే మనిషే అయ్యుండాలా? మా ఇంట్లో అది ఆయన ఫోనులో ఉండేది. పెడనలో అద్దకం పని మాది. ఆయన బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చులు వేస్తారు, నేను ఆ గుడ్డను బానలో ఉడికించి, ఉతికి ఆరేస్తాను. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర మేమిద్దరమే. రెండేళ్ళ కిందట ఏఐ అట, వచ్చి మధ్యలో కూర్చుంది.

"కరక్కాయ నీళ్ళు పలచనైతే ఏం చెయ్యాలండీ?" అని ఆయన దాన్ని అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అండీ అట! నన్ను ఏనాడైనా "ఒసేయ్" తప్ప ఇంకో పిలుపు పిలిచారా? గుడ్డకు రంగు పట్టేలా ఆ నీళ్ళు కలిపేది నేను. నన్నడగొచ్చుగా!

పైగా కొన్ని నెలలుగా అంచులు పాడైపోతున్నాయి. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు అతుకు తెలియకుండా పడాలి. ఆయనవి వెంట్రుకవాసి పక్కకు జరుగుతున్నాయి. "ధ్యాస ఎక్కడుందండీ? ఆ మాయదారి ఫోన్లోనేగా!" అని రోజూ సాధించాను. ఆయన అచ్చును రంగులో అద్ది మళ్ళీ వేసేవారు.

మొన్న వేసవిలో, తెలుగు బాగా మాట్లాడే వేరే కంపెనీ ఏఐకి మారతానన్నారు. గుడివాడలో సెల్ ఫోన్ల షాపు నడిపే మా మేనల్లుడు వచ్చాడు.

"నంబరు మారకుండా సిమ్ కంపెనీ మార్చుకోవట్లేదా అత్తయ్యా? ఇదీ అంతే. మావయ్య గురించి పాతదానికి తెలిసిందంతా ఫైలుగా ఇస్తుంది, కొత్తదాంట్లో పెట్టేయడమే. అన్ని కంపెనీలూ ఇలా ఇచ్చి తీరాలని చట్టం రావాలంటున్నారు, ఎప్పటికొస్తుందో. వీళ్ళు మాత్రం ఇస్తున్నారు. అక్కర్లేనివి చెరిపేసి నాకు పంపండి."

సవతి పోతూ పోతూ వచ్చేదానికి తాళాలు అప్పగిస్తుందన్నమాట.

ఆయన తల కూడా ఎత్తలేదు. "అన్నీ రంగుల పాళ్ళేగా. నువ్వే చూసెయ్యవే."

చూశాను. రంగుల పాళ్ళే. కిందకి జరుపుతూ పోతే చివర్లో ఉంది: "ఎనిమిది నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. అచ్చు కుదురుగా నిలవట్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయపడుతున్నారు. భార్యకు చెప్పలేదు."

భార్యకు చెప్పలేదు! ఊరూ పేరూ లేనిదానికి చెప్పుకున్నారు, నాకు చెప్పలేదు. నేను సాధించిందంతా గుర్తొచ్చి ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ దానికంటే ముందు వచ్చింది కుళ్ళు. ఆ నాలుగు వాక్యాలూ చెరిపేసి మిగతాది మేనల్లుడికి పంపాను, వాడు కొత్తదాంట్లో పెట్టేశాడు. కొత్తదానికి తెలియకూడదు. ఇక చెప్పుకుంటే నాకే చెప్పుకోవాలి.

ఇప్పుడైనా చెబుతారేమోనని రెండు రోజులు అన్నం వడ్డిస్తూ ఆయన చేతి వంకే చూశాను. ఆయన తిని లేచి వెళ్ళిపోయేవారు. మూడో రోజు పొద్దున్న నేను బాన దగ్గర ఉండగా, బల్ల వైపు నుంచి ఆయన గొంతు వినపడింది.

"నా చెయ్యి సంగతి మీకు తెలుసుగా. ఇవాళ వణుకు మరీ ఎక్కువైందండీ."

"మీ చెయ్యి వణుకుతోందని నాకు తెలియదండీ," అంది కొత్తది. "ఎప్పటి నుంచి?"

ఆయన ఫోను వంక చూశారు. తర్వాత మెల్లగా తల తిప్పి నా వంక చూశారు.

"ఎనిమిది నెలల నుంచి," అని నేనే చెప్పాను.