రెండో సర్వర్

నంద్యాలలో నెట్ సెంటర్లకు లైన్లిచ్చే ఆ గదిలోకి రాగానే ఓబులేసు రెండు సర్వర్ల మీదా చెరో అరచెయ్యి ఆనిస్తాడు, జ్వరమొచ్చిన బిడ్డల నుదురు చూసినట్టు. ఒకటి వేడెక్కితే దాని మీది రద్దీలో కొంత రెండోదానికి మళ్లించడం అతని పని. సంతకు పోయినా సరుకుల్ని రెండు సంచుల్లో సమంగా సర్దుకోనిదే మోయడు. ఆళ్లగడ్డ లైను మళ్లించే ముందు మాత్రం ఎప్పుడూ ఒకే హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసుకుంటాడు. నిరుడు పదో తరగతి ఫలితాల రోజు మొదటి సర్వర్ జనం ధాటికి మొరాయిస్తుంటే, ఆళ్లగడ్డ మొత్తాన్నీ రెండోదాని మీదికి తోశాడు. ఫలితాలు అందులోకి ఇంకా సగమే ఎక్కాయన్నది చూసుకోలేదు. పది నిమిషాల్లో సరిదిద్దాడు. ఆ పది నిమిషాల్లోనే నరసమ్మ అనే ఆమె కూతురు ఆళ్లగడ్డ నెట్ సెంటర్లో తన నంబరు కొట్టించింది. లేదని వచ్చింది. నంబరు లేకపోతే తప్పినట్టే గదా. ఆ పిల్ల ఇంటికి పోలేదు. ఇప్పటిదాకా జాడ లేదు.

మొన్న నరసమ్మ వెతుక్కుంటూ ఆ గదికే వచ్చింది. మార్కుల కాగితం చూపి, "పాసైనట్టు ఈడుంది గదప్పా. ఆ పొద్దు నంబరు యాడికి పోయింది?" అంది. ఓబులేసు, "మిషన్ తప్పుజేసిందమ్మా" అన్నాడు. "ఏదప్పా ఆ మిషను?" అతను చూపించాడు. ఆమె దాని మీద చెయ్యి పెట్టి చప్పున తీసుకుంది. "కాలిపోతాంది. దీన్నేమని తిడతాం లేప్పా, పానం లేనిది" అంటూ వెళ్లిపోయింది. ఓబులేసు ఆ పిల్ల నంబరు కొట్టాడు. ఫస్ట్ క్లాస్ అని, ఎప్పట్లాగే, కన్నుమూసి తెరిచేలోగా వచ్చింది.