నూనె తలా, పదహారు కలాలూ

తొంభైల మొదటి భాగంలో, ఒక జూన్ ఒకటో తేదీన, కారైకాల్ నుంచి పుదుచ్చేరి పట్టణంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీపై వచ్చి, ఈఈజీ విభాగంలో సీనియర్ టెక్నీషియనుగా బాధ్యతలు స్వీకరించాను. మాది యానాం. బదిలీలు నాకు కొత్త కాదు. అయినా ఈసారి ఉత్తర్వు చేతికందినప్పటి నుంచి మనసు ఒకచోట నిలవలేదు. అంతవరకు నేను ఎనిమిది కలాల పాత యంత్రం మీదే పనిచేశాను. పుదుచ్చేరిలో పదహారు కలాల కొత్త యంత్రం నా కోసం ఎదురుచూస్తున్నది.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. తలపై కొలిచి గుర్తించిన ఇరవై ఒక్క చోట్ల ఎలక్ట్రోడ్లనే చిన్న లోహపు బిళ్లలను పేస్టుతో అంటిస్తాము. మెదడు కణాలు పుట్టించే అతిస్వల్ప విద్యుత్తును యంత్రం పెంచి, కదిలే కాగితం మీద కలాలతో గీయిస్తుంది. నమోదు చేయడం టెక్నీషియను పని. చదివి రోగనిర్ణయం చెప్పడం న్యూరాలజిస్టు పని. ఈ హద్దు దాటడం మా వృత్తిలో తప్పు. నేను ఎన్నడూ దాటలేదు.

వచ్చిన నెలలోనే ఒక సంస్కరణ చేశాను. పరీక్షకు ముందు రోగి పాటించవలసిన సూచనల చీటీ అప్పటికి తమిళంలోను, ఇంగ్లీషులోను మాత్రమే ఉండేది. రిజిస్టరులో తెలుగు కుటుంబాలు కనిపించగానే నేనే కూర్చుని తెలుగు చీటీ రాసి అచ్చు వేయించాను. తలంటుకోవాలి, నూనె రాయరాదు, తెల్లవారుజామునే నిద్ర లేపాలి. వరుస చక్కగా కుదిరింది. అచ్చుతప్పు ఒక్కటి లేదు. దాన్ని చూసుకుని కొంత గర్వపడ్డాను కూడా.

ఆగస్టులో ఒక గురువారం ఎం. కావేరి అనే ఎనిమిదేళ్ల బాలిక వచ్చింది. మూలకుళంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి సేదరపేట్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు. వెంట వచ్చినది నాయనమ్మ నాగమ్మ. మూడో తరగతి చదువుతున్న ఆ పిల్ల పాఠం మధ్యలో హఠాత్తుగా ఆగిపోతుంది, పిలిచినా పలకదు, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ చదువుతుంది. ఉపాధ్యాయురాలు దాన్ని పొగరని రాసింది. శుక్రవారం లోపు వైద్యుల పత్రం తేకపోతే టీసీ తీసుకుపోవాలని ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం. టీసీ ఇస్తే ఇక బడే వద్దని తండ్రి తేల్చేశాడట. కొందరు పిల్లల పరధ్యానం వెనుక క్షణకాలపు మూర్ఛ ఉంటుందని వైద్యులకు అప్పటికే బాగా తెలుసు. ఆ మాట బడుల దాకా చేరలేదు, అంతే.

మా న్యూరాలజిస్టు గురువారం మాత్రమే వచ్చి, ఒంటిగంటకు వెళ్లిపోయేవారు. పదకొండు గంటలకు కావేరిని కుర్చీలో కూర్చోబెట్టి జడ విప్పాను. నా చేయి జారింది. నుదుటి దాకా కారేటంత నూనె. నూనె తల మీద పేస్టు అంటదు, అంటినా గీతలు అబద్ధం చెబుతాయి. నియమం ప్రకారం వెనక్కి పంపి మరో తేదీ ఇవ్వాలి. రిజిస్టరులో తరువాతి ఖాళీ మూడు వారాల అవతల ఉన్నది.

చీటీ ఇచ్చినా ఇలా ఎందుకు తెచ్చారని కొంచెం కటువుగానే అడిగాను.

"ఆస్పత్రికి వచ్చేటప్పుడు బిడ్డ తలకాయికి నూనె కూడా పెట్టకుండా ఎట్ట పిల్చకొచ్చేది మేడమ్? దిక్కులేని పిల్ల అనుకోరా?" అన్నది నాగమ్మ. ఆమె తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన నా చీటీని తీసింది. "బద్రంగానే పెట్టినాను. మేము మాట్లాడేది తెలుగే, సదివేది అరవం. ఈ రాత మా వీధిలో ఎవురికి తెలుస్తాది? పోస్టుమేనుకి చూపిస్తే తలకిందులు పట్టుకొని, కాగితం బాగుండాది అన్యాడు."

యానాంలో తెలుగు మాట్లాడేవారు తెలుగే చదువుతారు. ఇక్కడా అంతేననుకుని, అడగకుండానే అచ్చు వేయించాను. తప్పు నూనెది కాదు, నాది.

తేదీ మార్చలేదు. విభాగం వెనుక కుళాయి దగ్గర నేనే షాంపూతో రెండుసార్లు తల రుద్దాను. నాగమ్మ తువ్వాలుతో తుడుస్తూ, ఫ్యాను కింద కురులు విడదీస్తూ నిలబడింది. టేపుతో కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఇరవై ఒక్క ఎలక్ట్రోడ్లు అంటించేసరికి పన్నెండుంబావు. కాగితం కదిలింది. పదహారు గీతలు నిబ్బరంగా, సమంగా సాగాయి. ఏ దోషమూ కనిపించలేదు.

అప్పుడు మూడు నిమిషాల పాటు గట్టిగా ఊపిరి తీయించి వదిలించాలి. అది ఈ రకం మూర్ఛను పైకి తెచ్చే పరీక్ష. పిల్లల కోసం బీచ్ రోడ్డులో కొన్న కాగితపు గాలిపంకా నా సొరుగులో ఉండేది. కావేరి దాన్ని ఊదసాగింది. పంకా గిర్రున తిరిగింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం సగంలో పంకా ఆగింది.

అదే క్షణంలో పదహారు కలాలూ ఒక్కసారిగా లేచాయి. సెకనుకు మూడు చొప్పున, మొనదేలిన శిఖరం వెంట గుండ్రని అల, మళ్లీ శిఖరం, మళ్లీ అల, తల ముందు నుంచి వెనుక దాకా ఒకే తాళంలో. పుస్తకంలో చూసిన బొమ్మ నా కళ్ల ముందు సిరా తడితో పుడుతున్నది. విధానం తప్పలేదు. ఆ క్షణాన పిల్లకు తెలివి ఉన్నదో లేదో తేల్చడానికి స్పష్టంగా "మామిడికాయ" అన్నాను. కాగితం మీద ఆ చోట గుర్తు పెట్టాను. తొమ్మిది సెకన్లకు గీతలు సర్దుకున్నాయి. పంకా మళ్లీ తిరిగింది.

నేను ఇప్పుడేమన్నానని అడిగాను. కావేరి నా వైపు వింతగా చూసి, "ఏం అన్లేదే," అన్నది.

నాగమ్మ కుర్చీ దగ్గరికి వచ్చింది. "మామిడికాయ అన్నారు గదా పాపా. నాకు వినిపించిందే." పిల్ల తల అడ్డంగా ఊపింది. నాగమ్మ కాగితాన్ని, మనవరాలిని మార్చి మార్చి చూసి, చాలా మెల్లగా నన్నడిగింది: "అట్టయితే ఇది తిమిరు, పొగరు గాదా మేడమ్? పలకలేదని నేను కూడా రెండు తూర్లు కొట్టినానే."

జవాబు చెప్పే అధికారం నాకు లేదు. డాక్టరుగారు చెబుతారన్నాను. కాగితపు కట్ట పట్టుకుని వరండాలో దాదాపు పరుగెత్తాను. ఉద్యోగంలో నేను పరుగెత్తినది ఆ ఒక్కసారే. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా ఆయన బ్యాగు కింద పెట్టి, కట్ట తిప్పి, రోగం పేరు, మందు, బడికి పత్రం అన్నీ రాశారు. పొగరు కాదని నాగమ్మకు ఆయన నోటితోనే చెప్పారు. ఆమె ఆ పత్రాన్ని నా చీటీ ఉన్న కవరులోనే పెట్టుకున్నది.

కావేరి బడి మానలేదు. మూడు నెలల తరువాత తీసిన రికార్డులో ఆ అలలు లేవు. మేము ఆ కేసును అక్కడితో ముగించాము. మూర్ఛలు ఆగినా ఇలాంటి పిల్లల్లో ఏకాగ్రతను వేరుగా పరీక్షిస్తూ ఉండాలని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. మేము ఆ పని చేయలేదు. ఇది కూడా నమోదు చేయవలసినదే.

ఆ మరుసటి వారం తెలుగు చీటీల కట్ట మొత్తం వెనక్కి తీసుకున్నాను. వాటి బదులు, మా తెలుగు మాటలనే తమిళ లిపిలో రాయించి ఇచ్చాను. చీటీ ఇచ్చేటప్పుడు చదివి వినిపించి, విన్నది తిరిగి చెప్పించుకోవడం విభాగంలో నియమం చేశాను. ఆ తరువాత బదిలీ అయిన ప్రతిచోటా యంత్రం కంటే ముందు చీటీ చూపమని అడిగేదాన్ని. రోగి నోట తిరిగి వినేదాకా, సూచన ఇచ్చామని రిజిస్టరులో రాయరాదు.