ఇద్దరు కిమ్ జీవొన్‌లు

రెండేళ్ల కిందట, ఫిబ్రవరి రెండో మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావుకి టొరంటోలోని ఎటోబికోలో మా కంపెనీ హెచ్చార్ గదికి నన్ను పిలిచారు. విమానాలకి భోజనాలు కట్టే వంటశాల మాది. నేను లీడ్ హ్యాండ్‌ని, అంటే సూపర్‌వైజరుకి కింద, పన్నెండు మంది లైనుకి పైన. రిటైర్మెంట్‌కి ఇంకా మూడు నెలలుంది.

నా లైన్లో కొరియా వాళ్లు ఇద్దరుండేవారు. ఇద్దరి పేరూ కిమ్ జీవొన్. ఒకడు మగ, ఒకతె ఆడ. మా వైపు జీవన్ లాగుంది, ఆడపిల్లకి మగపేరేంటని ఆ అమ్మాయిని ఎగతాళి చేశాను. ఆమె నవ్వి, లేబులు వెనక రాసి చూపించింది. ఆ పేరు ఎవరికైనా పెడతారట. పలకడం ఒకటే, లోపలి చైనా అక్షరాలు వేరట. తనది తెలివి, తోట. అతనిది సంకల్పం, ఊట. మామూలు మాటల్లో జీవొన్ అంటే సాయం అని కూడానట. "ఏ జీవొన్‌ని పిలిచినా నీకు సాయమే, నాగా" అంది.

వేరుశనగ పడనివాళ్లకి ప్రాణం మీదికొస్తుంది, అందుకే అది ఉన్న ట్రేకి ఎర్ర లేబులు అంటించాలి. జనవరిలో అతను ఒక ట్రాలీ మొత్తానికి మరిచిపోయాడు. బయటికి పోకముందే పట్టుకున్నాం గానీ, రైట్-అప్, అంటే తప్పు చేశాడని ఫైల్లో పెట్టే కాగితం, రాయక తప్పదు. మూడు రైట్-అప్‌లైతే ఉద్యోగం పోతుంది. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషిని. పేరు తప్పు లేకుండా రాశానని మురిసిపోయి, ఉద్యోగి నంబరు గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.

హెచ్చార్ గదిలో కూర్చున్నది ఆ అమ్మాయి. ఆలస్యాలకి ఆమెకి అప్పటికే రెండున్నాయి. నా కాగితం ఆమె ఫైల్లో పడి మూడోదైంది. ఆమె వర్క్ పర్మిట్ మా కంపెనీ పేరు మీదే ఉంది, ఇక్కడ పోతే ఈ దేశంలో ఇంకెక్కడా పని చేయకూడదు. "అది నేను కాదు. చెప్పు, నాగా" అంది.

చెప్పాను, తెలుగులో. హెచ్చార్ హారిక మన గుంటూరమ్మాయే.

"అయ్యో ఆంటీ, ఇప్పుడు మారిస్తే తప్పు రాసినందుకు రైట్-అప్ మీకొస్తుంది. వెళ్లిపోయే ముందు మీకెందుకండీ ఇది? సైన్ మీదేనా అని అడుగుతా, అంతే."

ఇంగ్లీషులో అడిగింది. రాతరాని దాన్ని లీడ్ హ్యాండ్ చేశారని నలుగురూ అంటారని భయపడ్డాను. యెస్ అన్నాను. జీవొన్ నన్ను చూసి, మెడలో బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది.

కొత్తగా లీడ్ హ్యాండ్ అయ్యేవాళ్లు ముందు నంబరు రాయండి, పేరు తర్వాత. ఒక్క అబద్ధమాడకుండా మనిషిని ముంచొచ్చు. సంతకం నాదే మరి.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు: హెచ్చార్ హారిక. లీడ్ హ్యాండ్ నాగరత్నం. కిమ్ జీవొన్, తెలివి, తోట. అద్దం తలుపు అవతల ట్రాలీ పట్టుకుని, అంతా చూస్తూ నోరు విప్పనిది కిమ్ జీవొన్, సంకల్పం, ఊట.