హెడ్డుసారు నీళ్ల క్యాను

మా ఊరి పికెట్‌లో ఉండే హెడ్ కానిస్టేబుల్, మా హెడ్డుసారు, మొన్న బేస్తవారం చనిపోయారు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. పేపర్లో ఏమీ రాలేదు, అందుకే నేను రాస్తున్నాను. ఊరి పేరు రాయను, నా పేరు కూడా రాయను. ఇది రాస్తున్నట్టు మా ఇంట్లో తెలియదు. చదివేది ఇంగ్లీష్ మీడియం, తెలుగులో తప్పులుంటే ఏమనుకోకండి.

మా చేను గట్టు దాటితే కర్ణాటక. ఊళ్లో పై వీధి, కింద వీధి అని రెండు వర్గాలు. మాది పై వీధి. పోయినేడు గొడవలో కింద వీధివాళ్లు మా చిన్నాన్నను కొడవళ్లతో కొట్టి, గట్టు దాటి పారిపోయారు. చిన్నాన్న బతికాడు గానీ కుడిచెయ్యి లేవదు. అప్పుడే రెండు వీధుల మధ్య కానుగ చెట్టు కింద పోలీసు పికెట్ పెట్టారు.

నా స్కూలు బస్సు ఆగేది కింద వీధి చివర. "బడీ వద్దు గిడీ వద్దు. ఆ వీధిలో నా బిడ్డ నడిచేది లేదు" అన్నాడు నాయన. నాకూ భయమే. కానీ ఇంట్లో ఉండిపోవడం ఇంకా భయం.

ఎవరు చెప్పారో, మరునాడు హెడ్డుసారు మా ఇంటికి వచ్చారు. గడప దాటలేదు.

"పాపను బస్సెక్కించేది నా పని. నేనుండేదాకా పంపించప్పా."

"నువ్వు లేని పొద్దు?"

"ఆ పొద్దు నీ ఇష్టం."

అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తీసుకోలేదు. మా ఇంట్లోనే కాదు, కింద వీధిలో ఎవరింట్లోనూ తాగరు. రోజూ సోమందేపల్లెలోని తన ఇంటి నుంచి ఒక క్యాను మోసుకొచ్చేవారు. దానికి గోనెపట్టా చుట్టి, తడిపి, కానుగ కొమ్మకు వేలాడదీసేవారు. మా ఎండలకు గోనె గంటలో ఎండిపోతుంది. మళ్లీ లేచి తడిపేవారు.

"మా ఇంటి నీళ్లు చేదా సార్?" అని ఒకసారి అడిగాను.

"కాదు పాపా. ఈ పొద్దు మీ ఇంట్లో తాగితే, రేపు కింద వీధోళ్లు నా మాట నమ్మరు. నా మాట నమ్మకపోతే నువ్వు బస్సెక్కలేవు."

నాకు కొంచెం వెనకగా నడిచేవారు, లాఠీ చంకలో పెట్టుకొని. కింద వీధి పిల్లగాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "ఏం హెడ్డుసారూ, పాపకు ఎస్కార్టా?"

"నీకూ కావాల్నేంరా? స్టేషన్ దాకా ఇస్తా, రా!"

వాళ్లే నవ్వేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది, తల దించుకునేదాన్ని. "తలెత్తుకొని నడు పాపా. దావ ఎవరి సొత్తూ కాదు" అనేవారు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడేవారు. నేను ఏ రోజూ చెయ్యి ఊపలేదు. ఎవరైనా చూస్తారని.

బేస్తవారం ఒంటిపూట బడి. బస్సు దిగాను, ఆయన ఎప్పటిలాగే ఉన్నారు. నేను నడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే దావ మధ్యలో కూలబడి ఉన్నారు, రొమ్ము పట్టుకొని.

నేను అరిచాను. రెండు వీధులూ పరిగెత్తి వచ్చాయి. నాయన చెంబుతో వచ్చాడు. అటువైపు నుంచి ఒక అవ్వ చెంబుతో వచ్చింది.

"తాగు సార్, రోంత తాగు!"

"ఇంద, నాయనా, నోరు తెరువు!"

ఆయన పెదవులు బిగించి తల అటూ ఇటూ తిప్పారు. రెండు చెంబులూ అలాగే ఆగిపోయాయి. నాకు అప్పుడు అర్థమైంది. ఉరికిపోయి కొమ్మకున్న క్యాను తెచ్చి నోటి దగ్గర పెట్టాను. నన్ను చూసి నోరు తెరిచారు. ఒక్క గుక్క మింగారు. మిగతావి గడ్డం మీదుగా చొక్కాలోకి కారిపోయాయి. స్టేషన్ నుంచి జీపు వచ్చింది, అందులో పడుకోబెట్టి తీసుకెళ్లారు.

సోమందేపల్లెకు పోయి చూసొస్తానని ఏడ్చాను. నాయన పంపలేదు. ఖాళీ క్యానును మళ్లీ కొమ్మకు కట్టేసి వచ్చాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకున్నాను. నాయన చూశాడు.

"యాడికి పోతాండావ్? హెడ్డుసారు లేడు గదా."

నేను బ్యాగు తీసుకొని బయల్దేరాను. నాయన అరవలేదు, వెనకే వచ్చాడు. కానుగ చెట్టు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కుర్చీ ఖాళీగా ఉంది. కొత్త పోలీసులు ఇంకా రాలేదు. కొమ్మకు క్యాను వేలాడుతోంది. నాయన గోనెపట్టా పట్టుకొని చూశాడు. తడిగా ఉంది.

"నువ్వు తడిపినావా?"

"లేదు నాయనా."

నాయన కింద వీధి వైపు చాలాసేపు చూశాడు. "పో, బస్సు పోతాది" అన్నాడు.

నేను తలెత్తుకొని నడిచాను. వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి చూశాను. ఖాళీ క్యాను చుట్టూ ఉన్న గోనె నుంచి నీళ్లు ఇంకా ఆయన కుర్చీ పక్కన బొట్టుబొట్టుగా పడుతున్నాయి. నాయన అక్కడే నిలబడి ఉన్నాడు.