అక్కకు నెట్ కలిపిన శుక్రవారం

మా అక్కకు పుట్టినప్పటి నుంచి వినపడదు. బావకూ అంతే. ఇద్దరూ హైదరాబాద్‌ల వినపడని పిల్లల బడిల కలిసి చదువుకున్నరు. అక్కడ్నే ఒకరికొకరు నచ్చిన్రు. పెండ్లయిన కొన్నాళ్లకే బావ టైలర్ పని మీద మస్కట్ పోయిండు. అక్క మహబూబ్‌నగర్‌ల మా కిరాయి ఇంట్ల నాతోని, అమ్మతోని ఉండిపోయింది.

మా వాడకట్టుల గల్ఫ్ పోయినోళ్ల భార్యలు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండిరి. శుక్రవారం వాళ్లకు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ వచ్చేది. మాట్లాడొచ్చినంక వాళ్ల మొఖాలు వేరే తీరుగ ఉండేటివి. అక్క అరుగు మీద కూసొని వాళ్లను చూసేది. తనకు ఉత్తరాలే దిక్కు. అక్క చేతులతోని మాట్లాడితే వాడకట్టంతా నవ్వేది. ఒకళ్ల నడక, ఒకళ్ల కోపం, అన్నీ దించి చూపెట్టేది. గదే అక్క ఉత్తరం రాస్తే “నేను మంచిగ. నువ్వు అన్నం తిన్న? జ్వరం పోయింది” అని నాలుగు ముక్కలు. కాగితం మీద మా అక్క ఆమె కాదు.

తొంభైల ఆఖర్ల బస్టాండు దగ్గర కొత్తగ తెరిచిన ఇంటర్నెట్ సెంటర్ల నాకు నౌకరి దొరికింది. నాలుగు కంప్యూటర్లు, ఒకటే ఫోన్ లైను. ఆ లైను ఒక కంప్యూటర్‌కు వస్తది, అక్కడి నుంచి హబ్బు అనే డబ్బా మీదుగ వైర్లతోని మిగతా వాటికి పోతది. ఓనర్‌ను అందరం భాయ్ అంటుంటిమి. పెద్ద మనిషి, మెత్తటి మాట.

ఆ ఎండకాలం బావ, సెలవు మీద వస్తున్న కొత్తకోట ఆయనతోని ఒక పాత లాప్‌టాప్ పంపిండు. బావ పనిజేసే దుకాణం సేటు వాడి వదిలేసింది. దాని మీద చిన్న కెమెరా తగిలించి ఉంది. మస్కట్‌ల గూడ కెమెరా ఉన్న నెట్ దుకాణం ఒకటి చూసి పెట్టుకున్నడు బావ. ఇద్దరి బొమ్మలు ఇద్దరికి కనపడితే చేతులతోని మాట్లాడుకోవచ్చు. అక్కకు ఈ సంగతి చెప్పిన నాడు ఆమె నా రెండు చేతులు పట్టుకొని గిర్రున తిప్పింది.

శుక్రవారం పొద్దున అని మాట అనుకున్నరు. జుమ్మా నమాజ్‌కు అక్కడి దుకాణం మూసేస్తరు గనక అంతకు ముందే మాట్లాడుకోవాలె. అక్క నీలం చీర కట్టుకొని, కొప్పుల పూలు పెట్టుకొని వచ్చింది. మూల గదిల కంప్యూటర్ పక్కన లాప్‌టాప్ పెట్టి వైరు కలిపిన.

నెట్ రాలేదు.

లాప్‌టాప్‌ల హబ్బు వైరు నేరుగ పెట్టే జాగా లేదు. పక్కన సందుల ఒక పల్చని కార్డు దూర్చాలె. దాన్నే అడాప్టర్ అంటరు. దానికి తోకలెక్క జానెడు వైరు ఉంటది. ఆ తోక చివర హబ్బు నుంచి వచ్చే పెద్ద వైరు పెట్టాలె. అంతా సక్కగుంటే తోక కాడ పచ్చ లైటు వెలుగుతది. అది వెలుగుతలేదు.

“ఏమైందమ్మా?” అన్నడు భాయ్.

“లైటు వస్తలేదు భాయ్. హబ్బు మీద గూడ లేదు.”

“వైరు ఖరాబైందేమో. మార్చి చూడు.”

నడుస్తున్న కంప్యూటర్ వైరు పీకి దీనికి పెట్టిన. లేదు. హబ్బుల వేరే రంధ్రంల పెట్టిన. లేదు. కార్డు గుంజి, ఊది, మళ్ల దూర్చిన. లాప్‌టాప్ టుంగుమన్నది, అంటే కార్డును గుర్తుపట్టింది. కార్డు మంచిగుంది, వైరు మంచిగుంది, హబ్బు మంచిగుంది. మరి లోపం ఎక్కడుంది?

పక్క కంప్యూటర్ల నుంచి బావకు “జర ఆగు, వైరు సతాయిస్తాంది” అని టైపు చేసిన. “సరే” అని వచ్చింది. మళ్లొకసారి అడిగిండు, మళ్లొకసారి. అక్క నా భుజం తట్టి, కళ్లతోనే అడుగుతాంది. ఆమెకు ఏం చెప్పాలె? బడాయిగ “నేను కలుపుత, నాకొచ్చు” అని వారం సంది చెప్పుకున్నదాన్ని.

చివరికి విసుగుతోని తోకను చేతుల పట్టి వంచిన. పచ్చ లైటు ఒక్క క్షణం మెరిసి పోయింది. మళ్ల వంచిన. మళ్ల మెరిసింది. తోక కార్డుల కలిసే కాడ వదులైంది. కింది నుంచి వేలుతోని పైకి ఎత్తి పట్టుకుంటే లైటు నిలబడతాంది. వదిలితే ఆరిపోతాంది. భాయ్ టేపు తెచ్చి చుట్టిండు, రబ్బరు బ్యాండు వేసిండు, అగ్గిపుల్ల ఎత్తుపెట్టిండు. ఏదీ ఆగలె.

“నేను పట్టుకుంట, నువ్వు బైట కూసో,” అన్నడు భాయ్. “వాళ్ల మాటలు నీకు సమజైతయి. నాకు కావు. ఆలుమగలు మాట్లాడుకుంటరు గదా.”

ఆ ఆలోచన నాకు రానందుకు సిగ్గయింది. బైటికి పోయి కౌంటర్ కాడ కూసున్న. లోపల తెర మీద బావ మొఖం వచ్చినట్టుంది, అక్క గొంతుల నుంచి ఒక సప్పుడు వచ్చింది. సంతోషం పట్టలేనప్పుడు ఆమెకు తెలువకుండ వచ్చే సప్పుడది.

కొద్దిసేపటికి మసీదు నుంచి అజాన్ వినపడ్డది. మస్కట్ గడియారం మనకంటె గంటన్నర ఎనుక, అక్కడ ఇంకా జుమ్మా వేళ కాలె. భాయ్ పిలిచిండు. “నేను నమాజ్‌కు పోవాలమ్మా. జర పట్టుకో.”

దుకాణంల ఇంకెవరు లేరు. పోయి వేలు పెట్టిన. గోడ దిక్కు మొఖం తిప్పుకున్న. తిప్పంగనే వేలు జరిగి బొమ్మ ఆగింది. లైటు చూస్తెనే వేలు కుదురుగ ఉంటది. లైటు చూస్తె దాని పక్కన్నే తెర, తెర ముందల అక్క చేతులు.

బొమ్మ మెల్లగ, ఆగి ఆగి కదులుతాంది. అందుకని ఇద్దరూ ఒక్కో సైగ చేసి కాసేపు అట్లనే పట్టి ఉంచుతున్నరు. చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పినట్టు. చూడొద్దు అనుకున్నా చదవకుండ ఉండలేనంత విడివిడిగ ఉన్నయి మాటలు. బావ ఏదో చిలిపి మాటన్నడు, నా చెవులు వేడెక్కినయి. అక్క నవ్వింది. తర్వాత అక్క చూపుడు వేలు ముక్కుపుల్ల తావున పెట్టుకున్నది. అది నేను. ఆమె నాకు పెట్టిన పేరు.

“చెల్లె మంచిది,” అంటాంది అక్క. “కానీ అంతా తనే మాట్లాడతది. దుకాణంల తనే. దవాఖానల తనే. డాక్టర్ నా నాడి పట్టుకొని ఆమె మొఖం చూస్తడు. నేను సంచిలెక్క వెంట పోత. నువ్వు రా. కొత్తకోటల చిన్న జాగా తీసుకుందాం. మిషన్ పెట్టుకుందాం. తప్పైనా ఒప్పైనా నాతోనే మాట్లాడాలె జనం.”

బావ అడిగిండు, “చెల్లెకు చెప్పినవా?”

“ఎట్ల చెప్పాలె? ఏడుస్తది.”

బావ చెయ్యి లేపిండు. ఏం అనబోయిండో గానీ నా వేలు జారింది. లైటు ఆరింది. లేపిన చెయ్యి లేపినట్టే తెర మీద ఆగిపోయింది.

అక్క తిరిగి చూసింది. నా మొఖం చూడంగనే ఆమెకు అంతా తెలిసిపోయింది.

వేలు మళ్ల పెట్టిన. లైటు వచ్చింది, కానీ ముందటి కలుపుడు తెగిపోయింది. మళ్ల కలిపేసరికి మస్కట్ దుకాణం మూసే వేళైంది. పక్క కంప్యూటర్‌ల “పోతున్న, మళ్ల శుక్రవారం” అని వచ్చి ఉన్నది. ఇన్నాళ్లకు మొఖం చూసుకున్నరు. సెలవు చెప్పుకునేది నేను చెడగొట్టిన.

ఇంటికి నడుచుకుంట పోయినం. తొవ్వ పొడుగుత అక్క చేతులు కొంగుల దాచుకున్నది. ఇంటి ముందల ఆగి అడిగింది. “చూసినవా?”

“చూసిన.”

“మొత్తమా?”

“భాయ్ పోయినప్పటి నుంచి మొత్తం. తప్పయింది అక్కా.”

ఆమె చేతులు కోపంతోని కదిలినయి. “చెవులున్నోళ్లు తలుపు మూసుకొని మాట్లాడుకుంటరు. మాకు ఏ తలుపు ఉంది?” మళ్ల అడిగింది. “దేనికి తప్పయింది? చూసినందుకా? నా బదులు మాట్లాడినందుకా?”

 చూసినందుకైతే పది సార్లు చెప్పగలుగుత. రెండో దానికి ఏం చెప్పాలె? అది నేను మంచితనం అనుకొని చేసిన పని. చిన్నప్పటి నుంచి అందరు మెచ్చుకున్న పని. దాంట్ల నాకు గొప్ప అనిపించేది గూడ నిజమే.

ఆమే దగ్గరికొచ్చి నా కండ్లు తుడిచింది. “ఏడుస్తవని చెప్పిన గదా,” అన్నది. నవ్వు, కోపం రెండూ ఉండె ఆ చేతులల్ల.

భాయ్ హైదరాబాద్ నుంచి ఇంకో తోక తెప్పిచ్చిండు. తర్వాతి శుక్రవారం నుంచి అక్క మూల గదిల ఒక్కతే కూసున్నది. భాయ్ తలుపుకు పరదా కట్టిచ్చిండు. నేను కౌంటర్ కాడ తెర దిక్కు వీపు పెట్టి కూసుంటుంటి. దవాఖానకు గూడ ఒక్కతే పోవుడు మొదలుపెట్టింది, చేతుల పలక బలపంతోని. మొదటిసారి డాక్టర్ విసుక్కున్నడని వచ్చి చెప్పింది. డాక్టర్‌ను పోయి అడుగుదామని నేను లేస్తుంటే చెయ్యి పట్టి కూసోబెట్టింది.

మరుసటేడు బావ వచ్చిండు. కొత్తకోటల హైవే పక్కన అర్ర కిరాయికి తీసుకున్నరు. కుట్టు మిషన్, రెండు మంచాలు, సామాను టెంపోల ఎక్కిచ్చి నేనూ వెంట పోయిన. అన్నీ సర్దినంక సాయంత్రం బస్సెక్కిన. అక్క, బావ ఇద్దరూ చెయ్యూపిన్రు.

బస్సు కదిలినంక నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. అవి అక్క దూరమైనందుకే అనుకున్న. జడ్చర్ల దాటినంక తెలిసింది, పొద్దున్నుంచి ఎవరి బదులూ మాట్లాడే పని లేక నా గొంతు, నా పానం ఎంత తేలికైనయో. ఆ తేలిక అక్కకు తెలిస్తే ఏమనుకుంటదో అని, పక్కన ఎవరు లేకున్నా, కిటికీ దిక్కు మొఖం తిప్పుకున్న.