సామాను, మనిషి, మాట: చోడవరం మిల్లు ఆగిన రోజు

పోయిన సీజనులో చోడవరం దగ్గరి చెరుకు మిల్లు ఆగినప్పుడల్లా విశాఖపట్నంలోని మా వర్కుషాపుకు ఒకటే కబురు వచ్చేది: "సామాను ఆలస్యం." మేం పోతపోసి పంపే బుష్షులు, అంటే రోలరు ఇరుసు తిరిగే కంచు తొడుగులు, వేళకు అందకే రిపేరు రోజుల తరబడి సాగిందట. మా యజమాని విని ఊరుకున్నాడు గాని నాకు ఒళ్లు మండింది. ఈసారి మిల్లు రిపేరుకు విప్పే రోజుకు బుష్షులు నేనే మోసుకెళ్లి, పని ఎక్కడ ఆగుతుందో ఎందుకు ఆగుతుందో పక్కన నిలబడి రాసి తీరాలని పట్టుబట్టాను.

వాల్తేరులో తెల్లవారుజాము పాసెంజరు ఎక్కితే ఎండ ముదరకముందే అనకాపల్లిలో దిగవచ్చు. స్టేషను బయట చోడవరం బస్సు సిద్ధంగానే ఉంటుంది, కాని నిండితేగాని కదలదు. టిక్కెట్టు అణాల్లోనే, నా గోనెసంచికి మాత్రం విడిగా పుచ్చుకున్నారు. "ఏటి బాబూ అంత బరువు, బంగారమేటి?" అన్నాడు డ్రైవరు. మిల్లు బుష్షులని చెప్పాను. "అయితే మిల్లు ఇప్పేసేరన్నమాట. ఇంక మూడ్రోజులు దాని ఊసెత్తక్కర్నేదు" అని నవ్వాడు. సాయంత్రానికల్లా తిరుగుతుందని నేనంటే, "కొత్త రాష్ట్రం వచ్చింది గానీ మనుషులు పాతోళ్లే గదా బాబూ" అని హారను నొక్కాడు.

చోడవరంలో బస్సు ఆగేచోటే కాఫీ హోటలు ఉంది. ఇడ్లీ వేడిగా, చట్నీ నోరు మండేలా ఉంటాయి. వంటాయన నా సంచి చూసి, "మజ్జిగన్నం మూట కట్టీమంటారా? మిల్లు ఆగితే అక్కడ మంచినీళ్లు గూడా పుట్టవు" అన్నాడు. వద్దన్నాను. మధ్యాహ్నం కడుపు కాలినప్పుడు ఆ వంటాయనే గుర్తొచ్చాడు. అక్కణ్ణుంచి వడ్డాది రోడ్డు మీద జట్కా దొరుకుతుంది. బేరం ఎక్కేముందే ఆడుకోవాలి.

మిల్లు పెద్దదేం కాదు. చుట్టుపక్కల రైతులు కలిసి పెట్టుకున్నది, ఆయిలింజనుతో నడుస్తుంది, పక్కనే బెల్లం పెనాలు. గేటు ముందు చెరుకు బండ్లు బారులు తీరాయి. అన్నిటికంటే ముందున్న బండి పైడమ్మది. మగడు పోయాక కొద్దిపాటి చెరుకు ఒంటిచేత్తో పండించుకుంటున్న మనిషి. నన్ను చూడగానే, "మీ మిల్లోళ్లే సెరకు కొట్టమన్నారు, కొట్టేసేను. ఇయాళ ఆడకపోతే రసం పులిసిపోయి పాకం దిమ్మ కట్టదు బాబూ. జావలాగున్న బెల్లం ఎవుడు కొంటాడు? ఏడాది తిండి అదే" అంది. నేను మిల్లువాణ్ణి కాదని చెప్పబోయి మానేశాను.

ఇంజను షెడ్డు గోడ మీద సుద్దతో రెండు గడులు గీశాను. సామాను కోసం ఆగితే ఒకదానిలో, మనిషి కోసం ఆగితే రెండోదానిలో గీత పెట్టాలని. ఫిట్టరు అప్పలస్వామి చెయ్యి తిరిగినవాడు. చూస్తుండగానే రోలరు పైకి లేపి, అరిగిన బుష్షు ఊడగొట్టాడు. ఆ తరవాత అందరూ నీడన కూర్చుని చుట్టలు వెలిగించారు. ఏమైందని అడిగాను.

"కొత్త బుష్షు ఎక్కించమంటారా అని పెద్దాయన్ని అడగాల బాబూ."

పెద్దాయన అంటే మిల్లు ప్రెసిడెంటు. చోడవరం ఊళ్లోనే ఉంటాడు. "నేను తెచ్చిందే ఎక్కించడానికి కదయ్యా!" అన్నాను.

"అదేననుకోండి. అడక్కుండా ఎక్కిస్తే మరియాద కాదు గదా."

అడగడానికి వెళ్లిన మనిషి పెద్దాయన భోంచేస్తున్నాడని తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్తే కునుకు తీస్తున్నాడట. రెండు గడుల్లోనూ ఒక్క గీత పడలేదు, మిల్లు మాత్రం ఆగే ఉంది. మూడో గడి గీసి పైన "మాట కోసం" అని రాశాను. ఇదివరకు దీన్ని ఏ పద్దు కింద రాసేవారని అడిగితే అప్పలస్వామి నిజాయితీగానే చెప్పాడు: "సామాను ఆలస్యం అనేనండి. సామానుకి కోపం రాదు గదా."

కోపం సగం నవ్వైపోయింది. కాని మూడో గడిలో గీతలు పెరుగుతుంటే వాళ్ల ముఖాలు మాడిపోయాయి. "సెరిపీండి బాబూ, ఆయన సూస్తే మేం ఎక్కడ తలెట్టుకుంటాం?" అన్నారు. చెరపనన్నాను. బయట ఎండలో పైడమ్మ తన చెరుకు మీద తడిగోనెలు కప్పుతోంది. ఆవిణ్ణి చూశాక చచ్చినా చెరపదలచుకోలేదు.

పొద్దువాలే వేళకు పెద్దాయన గొడుగు నేలకు పొడుచుకుంటూ వచ్చాడు. గోడ ముందు నిలబడి తీరిగ్గా చదివాడు. "ఈ మాట ఎవులిది?" అన్నాడు. "మీదేనండి" అన్నాను. ఆయన గోడ వంక, బండ్ల వంక మార్చి మార్చి చూశాడు.

"నాను తొంగుంటే మీరంతా ఇలాగ కూకుండిపోయేర్రా?" అన్నాడు అప్పలస్వామితో. "ఇంక నన్నేటీ అడక్కండి. మీకు తెలిసిన పని మీరు సేసీండి."

అప్పలస్వామి చేతులు కట్టుకుని, "సిత్తం బాబూ" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అయితే, బిగించీమంటారా?" అన్నాడు.

పెద్దాయన నోరు విప్పేలోపే గేటు దగ్గర్నుంచి పైడమ్మ కేక పెట్టింది. "బిగించండ్రా! మీ మరియాదలు సల్లగుండ, నా సెరకు ఎండిపోతంది!" ఆ కేకకు అప్పలస్వామి చేతిలోకి స్పానరు ఎలా వచ్చిందో తెలియదు. పెద్దాయన తన గొడుగు నాకిచ్చి, రోలరుకు తనూ ఒక చెయ్యి వేశాడు. దీపాలు పెట్టే వేళకు ఇంజను అందుకుంది. మొదటి బండి పైడమ్మదే ఆడారు. పెనంలో పాకం ముదిరాక ఆవిడ ఒక చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి చూసింది. మేమందరం ఆ వేళ్లనే చూస్తున్నాం. "కట్టింది" అంది.

తిరుగు ప్రయాణంలో ఆ మనుషులను తప్పుపట్టబుద్ధి కాలేదు. పెద్దాయన మీద వాళ్ల గౌరవం నటన కాదు. కాని ఆ మర్యాదకయ్యే ఖర్చు పెద్దాయన పెట్టుకోలేదు, అప్పలస్వామీ పెట్టుకోలేదు. బండి దగ్గర నిలబడ్డ ఆడమనిషి నెత్తిన పడబోయింది. ఇలాంటి పని మీద ఈ వైపు వచ్చేవారికి నా సలహా ఒకటే. బస్సు దిగగానే మిల్లుకు వెళ్లకండి. ముందు పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయన భోజనానికి లేవకముందే, రోజంతటికీ సరిపడా "కానీండి" అనిపించుకుని అప్పుడు జట్కా ఎక్కండి.