అమ్మకు చెప్పి నొక్కాలి

ఇంకో తప్పు చేస్తే ఉద్యోగం పోతుందని మేనేజర్ కరాఖండిగా చెప్పేశాడు. మొదటిసారి నాకు నేను పంపుకోవాల్సిన "హలో హలో టెస్టింగ్" మెసేజ్‌ను మా యాప్ వాడేవాళ్లందరికీ పంపాను. రెండోసారి, క్షమించండి అని ఒక్కొక్కరికి నాలుగుసార్లు పంపాను. డాక్టర్ దీన్ని ఏడీహెచ్‌డీ అన్నాడు, ధ్యాస ఒకచోట నిలవదట. కోరుట్లలో ఇంటికొచ్చి చెబితే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ తల కూడా ఎత్తలేదు.

"గది చెప్పనీకి డాక్టర్ ఎందుకురా? ఒక కాలుకు నా చెప్పు, ఇంకో కాలుకు మీ నాయిన చెప్పు ఏసుకొని బడికి పోయినోనివి. గీడ కూసో. ఏది నొక్కినా నాకు చెప్పి నొక్కు."

అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆమె దృష్టిలో లాప్‌టాప్ అంటే తువ్వాల కప్పి ఉంచాల్సిన వస్తువు. కానీ ఇరవై ఏళ్లలో ఆమె చుట్టిన ఒక్క బీడీనీ కార్ఖానాలో పక్కన పారేయలేదు. కట్ట కట్టే ముందు ప్రతి బీడీనీ రెండు వేళ్లతో నొక్కి చూస్తుంది. వేరే దిక్కులేక ఒప్పుకున్నాను.

"అమ్మా, మెసేజ్ పంపుతున్న."

"ఎవలకు?"

"ముగ్గురికే. మా ఆఫీసోళ్లకు."

"ముగ్గురని యాడ రాసుంది? ఏలు పెట్టి చూపెట్టు."

నాకు ఒళ్లు మండింది. "ఉంటది తియ్యే!" అంటూ వేలు పెట్టాను. అక్కడ 'అందరికీ' అని ఉంది. అమ్మ చుట్టడం ఆపకుండానే మెడ సాచి, నేను దాన్ని సరిచేసేదాకా నా వేలినే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున మేనేజర్ ఫోన్ చేసి, ఈసారి పని శుభ్రంగా ఉంది, ఎవరు సరిచూశారు అని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఆమెను వదలొద్దన్నాడు. నేను గాల్లో తేలుతుండగానే, బీడీలు తీసుకునే టేకేదారు వాకిట్లోకి వచ్చి, నిన్న అమ్మ ఇచ్చిన కట్టల్లో ఒకదాన్ని అరుగు మీద పెట్టాడు.

"ఏందక్కా గిది? గిండ్ల తంబాకు ఏది?"

ఇరవై ఐదు ఖాళీ ఆకు గొట్టాలు, ముచ్చటగా దారం కట్టి ఉన్నాయి. నేను పగలబడి నవ్వాను. టేకేదారు నవ్వలేదు. ఇక నుంచి అక్కవి కూడా ఇప్పి సూసే తీసుకుంటమని చెప్పి వెళ్లిపోయాడు.

అమ్మ ఆ కట్టను విప్పి, ఒక్కో బీడీనీ వేళ్లతో నొక్కుతూ పోయింది.

"నిన్న నీ ఏలు దిక్కే సూసిన కొడుకా," అంది. "నా చెయ్యి దిక్కు సూసుకోలే."